పిల్లబండిలో బూడిదగుమ్మడి

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకి కాలవగట్టు నడకబాట మీద ఒంటరిగా నిలబడి ఉన్న పిల్లబండి దగ్గరికి వెళ్ళి, పైన కప్పిన తువ్వాలు తొలగించి చూసిన రత్నమాణిక్యానికి లోపల పిల్ల కనపడలేదు. ఉన్ని టోపీ పెట్టుకున్న బూడిదగుమ్మడికాయ కనపడింది.

దాని నుదుటి మీద దిష్టిచుక్క కూడా ఉంది.

రత్నమాణిక్యం కెవ్వుమనలేదు. కొత్తరేవు మునిసిపాలిటీ కుళాయిల సెక్షన్లో పద్దెనిమిదేళ్ళు దొంగ కనెక్షన్లు పట్టి, ఈమధ్యే ఈ బాట గేటుకి సూపర్‌వైజరుగా వచ్చిన మనిషి ఆమె. కానీ పిల్లేది? గబగబా రెయిలింగు దగ్గరికి పరుగెత్తి కాలవలోకి చూసింది. గుర్రపుడెక్క ఎక్కడా చెదరలేదు. గట్టుకి అవతల పక్క తుప్పల్లో మాత్రం ఎవరో పడుతూ లేస్తూ దిగి పోయినట్టు గడ్డి నలిగి ఉంది.

మెళ్ళో ఉన్న విజిల్ తీసి గట్టిగా ఊదింది.

పావుగంటలో గేటవతల యాభై మంది పోగయ్యారు. అరగంటలో ఊరంతా ఒక కథ, పేటకో రకంగా తిరిగింది. మార్కెట్టు వైపు వాళ్ళు పిల్లని ఎత్తుకుపోయి గుమ్మడికాయ పెట్టారన్నారు. రేవు వైపు వాళ్ళు పిల్లనే గుమ్మడికాయగా మార్చేశారన్నారు. ఏ ఇంట్లో పిల్ల తప్పిపోయిందని అడిగితే మాత్రం రెండు వైపులా పక్క పేట వైపు వేలు చూపించారు. కానిస్టేబులు వచ్చి గుమ్మడికాయని అన్ని పక్కలనుంచీ చూసి, "తప్పిపోయినోళ్ళు లేకుండా కేసెలా కడతామండీ?" అని వెళ్ళిపోయాడు.

మునిసిపల్ డిప్యూటీ ఇంజనీరు, డీఈ సోమయాజులు గారు మాత్రం వెళ్ళలేదు. ఆ బాటా, ఆ గేటూ ఆయన కట్టించినవే.

"రత్నమాణిక్యం గారూ, ఇది కేవలం గుమ్మడికాయ కాదు. ప్రభుత్వ యంత్రాంగాన్ని మోసగించిన గుమ్మడికాయ," అన్నాడాయన.

* * *

కొత్తరేవు మునిసిపాలిటీకి పసిపిల్లల నడక పిచ్చి పట్టి అప్పటికి నాలుగు నెలలు.

కమిషనర్ తన్నీరు వైకుంఠరావు గారు ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడ తెర మీద ఒక బొమ్మ చూసి వచ్చారు. అందులో ఒక తండ్రీ, ఒక తల్లీ, మధ్య తప్పటడుగులు వేసే పిల్లాడూ, తల్లి చేతుల కింద నున్నగా దొర్లే పిల్లబండీ, పక్కన నీళ్ళలో బాతులూ ఉన్నాయి. కాలవ కొత్తరేవులోనూ ఉంది, బాతులూ ఉన్నాయి. ఇక లేనిదల్లా బాటే. రేవు దగ్గర మొదలై అంగన్‌వాడీ కేంద్రం దాకా ఉన్న మట్టి గట్టుకి పలకలు పరిపించి, రెయిలింగు వేయించి, బోర్డు పెట్టించారు: 'పసిబిడ్డలకూ పిల్లబండ్లకూ అనువైన కుటుంబ నడకబాట'.

ప్రారంభం రోజున ఊళ్ళో తల్లులంతా వచ్చారు. అందరి పిల్లలూ వచ్చారు. అందరూ చంకల్లోనే వచ్చారు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఇలాంటి బాటలకి ధ్రువపత్రం ఇచ్చే రాష్ట్ర సంఘం వారి ఫారంలో రెండే గడులున్నాయి. నడిచిన పసిబిడ్డలకి ఒకటి, దొర్లిన పిల్లబండ్లకి ఒకటి. చంకకి గడి లేదు. కమిషనర్ గారు ఒక రాత్రంతా ఆ ఫారం ముందు కూర్చుని, తెల్లారేసరికి మొదటి ఉత్తర్వు వేశారు.

'చంకయందున్న శిశువు బాటను ఏ విధముగానూ స్పర్శించుట లేదు. కావున సదరు శిశువు బాటపై లేనట్లుగా పరిగణించవలెను. బాటపై లేని శిశువును మోయుచున్న తల్లి, తాను ఏ కారణముచే బాటపై ఉన్నదో వ్రాతపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను.'

ఊళ్ళో అప్పటికి మూడు పిల్లబండ్లున్నాయి. ఒకటి డాక్టరు గారింట్లో. అందులో ఉల్లిపాయలు ఆరబోస్తారు. రెండోది ఫొటో స్టూడియోలో. మూడోదానికి చక్రాల్లేవు. అందుచేత మునిసిపాలిటీయే నలభై కొని గేటు దగ్గర వరసగా నిలబెట్టింది. ఆఫీసు కాగితాల్లో వాటి పేరు 'శిశు శకటములు'. తల్లులు ఒద్దనలేదు. ఒక చేత్తో ఖాళీ శకటాన్ని తోసుకుంటూ, రెండో చంకలో పిల్లని వేసుకుని ఎప్పటిలాగే నడిచారు.

అప్పుడు సోమయాజులు గారు గేటు పెట్టించారు. దాని కింద తూకం పలక, పైన కెమెరా. బండీ అందులో సరుకూ కలిసి లెక్కకి సరిపోతేనే, పైన టోపీ పెట్టిన తల ఒకటి కెమెరాకి కనపడితేనే తెరుచుకుంటుంది. "దీనికి మొహమాటం లేదు. సాక్షాత్తూ కమిషనర్ గారొచ్చినా సరే, శకటంలో శిశువు లేకపోతే కదలదు," అని ఆయన గేటుని గిత్తదూడని నిమిరినట్టు నిమిరేవాడు. మొదటి వారం బియ్యం బస్తా వెళ్ళింది. రెండో వారం టోపీ పెట్టుకుని మేకపిల్ల ఒకటి మూడుసార్లు వెళ్ళొచ్చింది. 'శిశువు అనగా మానవ శిశువు' అని ఇంకో ఉత్తర్వు వచ్చింది.

నడిచే పిల్లలకి ఇంకొంచెం కష్టమొచ్చింది. పసిబిడ్డ నడక అంటే ముందుకి సాగాలని నిబంధన. ఏడాది ఎనిమిది నెలల వయసున్న ఒక బాలుడు తూనీగని చూస్తూ పదకొండు నిమిషాలు ఒకేచోట నిలబడ్డాడు. అతని పేర ఆక్రమణ నోటీసు వెళ్ళింది. వారం లోపు స్వయంగా జవాబివ్వమన్నారు. వాళ్ళ నాన్న ఆ నోటీసు వాడి చేతికిచ్చాడు, వాడు తినేశాడు. అందినట్టు రసీదు కింద ఆఫీసులో అదే రాసుకున్నారు.

షుగరు ఉన్న పెద్దలకి పొద్దున్నే నడవమని డాక్టర్లు చెప్పారు. పసిబిడ్డ లేకుండా కుటుంబ నడకబాట మీదికి రానివ్వరు. దాంతో రిటైరైన మాస్టార్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడిగి తీసుకెళ్ళడం మొదలెట్టారు. "మీ బుడ్డోణ్ణి ఓ అరగంట ఇస్తారామ్మా?" అని వచ్చి, తిరిగి ఇచ్చేటప్పుడు రెండు అరటిపళ్ళు పెట్టేవారు. మసీదు వీధిలో ఒక పిల్లాడు ఒకే పొద్దున్న ఆరుగురు తాతలతో ఆరుసార్లు నడిచి, ఏడోసారి గేటు చూడగానే పడుకుండిపోయాడు.

ఇదంతా నవ్వుకునే వ్యవహారంగానే ఉండేది, అంగన్‌వాడీ ఆ బాట చివర్న లేకపోతే. రేవు పేట పిల్లలు ఎప్పణ్ణుంచో ఆ గట్టు మీదే వెళ్ళేవాళ్ళు. పది నిమిషాల దూరం. ఇప్పుడు చంకలో పిల్లలున్న తల్లుల్ని రత్నమాణిక్యం గేటు దగ్గర ఆపి వెనక్కి పంపాలి. వాళ్ళు ఇసక లారీలు తిరిగే పెద్ద రోడ్డు పట్టుకుని అరగంట చుట్టు తిరిగి వెళ్ళాలి. రోజూ పదిహేడు మంది. రోజూ వాళ్ళు వెళ్ళే వైపే చూస్తూ నిలబడి, పదిహేడూ తిరిగొచ్చేదాకా రత్నమాణిక్యం టీ కూడా తాగేది కాదు.

* * *

తొమ్మిదింటికి కమిషనర్ గారు పిలిపించారు.

"చూడండి రత్నమాణిక్యం గారూ. నేటి సాయంత్రం నాలుగు గంటలకు ధ్రువీకరణ సంఘ అధ్యక్షురాలు డాక్టర్ హైమవతి గారు స్వయముగా విచ్చేయుచున్నారు. ధ్రువపత్రం లభించిన మరుక్షణం ఈ గేటు శాశ్వత ప్రాతిపదికన కొనసాగును. అవతలి చివర ప్రహరీ కూడా నిర్మింపబడును. ఇట్టి శుభ తరుణంలో గుమ్మడికాయ! ఎంత అపఖ్యాతి!" వైకుంఠరావు గారు ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదు గాని, ఆఫీసులో మాత్రం ఉత్తర్వులాగే మాట్లాడతారు.

"గేటు శాశ్వతమైతే రేవు పేట పిల్లలండీ..." అంది రత్నమాణిక్యం.

"వారికి శకటములు సమకూర్చితిమి కదా?"

"కూర్చోరండి. కూర్చోబెడితే విల్లులా వంగి ఏడుస్తారండి."

కమిషనర్ గారు ఎందుకో కిటికీలోంచి బయటికి చూశారు. "అవును, ఏడుస్తారు," అన్నారు చిన్నగా. వెంటనే గొంతు సవరించుకుని, "అది ప్రస్తుత విషయము కాదు. నాలుగు గంటలలోపు నిందితుని పేరు నా బల్లపై ఉండవలెను. ఏదో ఒక పేరు," అన్నారు.

రత్నమాణిక్యం తలాడించింది గాని కదల్లేదు. దొంగ కుళాయిలు పట్టేటప్పుడు ఆమె ఇంటి యజమాని చెప్పేది వినేది కాదు, గోడలు చూసేది. ఇప్పుడూ అదే చేసింది. కమిషనర్ గారి కుర్చీ వీపుకి తెల్ల తువ్వాలు ఉంది. అధికారుల కుర్చీలకి ఉండేదే. కాకపోతే ఇది కొత్తది. మడతలు ఇంకా విడలేదు, అంచుకి కంపెనీ చీటీ వేలాడుతోంది. బల్ల కింద ఆయన ప్యాంటు అంచులకి గడ్డిముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి.

ఆ కాయకి కప్పిన తువ్వాలు కూడా తెల్లదే. నలిగి నలిగి, మధ్యలో తలనూనె మరక ఉంది.

ఛ, అనుకుంది. అధికార్ల కుర్చీలు ఆఫీసులో మూడున్నాయి. అనుమానం రావడం వేరు, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో తవ్వి చూడటం వేరు.

బయటికొచ్చి సాక్ష్యాన్ని, అంటే గుమ్మడికాయని, స్టోరు వెనక అరుగు మీద పెట్టి దిష్టిచుక్కని వేలితో రుద్దింది. రాలేదు. కాటుకైతే వచ్చేది. వెలుతురులోకి తిప్పి చూసింది. నలుపు కాదు, ఊదా. ఆఫీసు స్టాంపు ప్యాడు సిరా. ఇంకా దగ్గరికి వంగింది. అలసందగింజంత ఆ మరకలో సన్నటి గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి.

కుళాయి దరఖాస్తుల మీద కొన్ని వేల వేలిముద్రలు వేయించింది రత్నమాణిక్యం. బొటనవేలి ముద్రని ఎక్కడున్నా పోల్చగలదు. ఇంత చిన్నది మాత్రం ఎన్నడూ చూడలేదు. రెండేళ్ళ లోపు మనిషిది.

అంటే ఈ గుమ్మడికాయ ప్రయాణంలో ఒక పిల్ల నిజంగానే ఉంది. బండిలో మాత్రం లేదు.

* * *

"అక్కో! నన్ను అరెస్టు సేత్తారంట కదా?"

పదకొండింటికి గంగాభవాని చంకలో కూతుర్నేసుకుని గేటు దగ్గరికొచ్చింది. రేవు పేటలో చేపలమ్ముతుంది. ఉత్తర్వులు వచ్చిన నాటినుంచీ గేటు ముందు నిలబడి, రోజుకొక మాట అనకుండా ఆ పెద్ద రోడ్డెక్కలేదు.

"ఎవరు చెప్పారే?"

"మీ డీఈ గారే. కాయితం రాసేసుకున్నాడంట. గుమ్మడికాయ ఎట్టింది నేనేనంట. ఆరు నెల్లు గట్టు మొకం సూడకూడదంట, నేనూ ఇదీని." కూతురు బుజ్జి గడ్డం పట్టుకుని ఊపింది.

"నువ్వు పెట్టలేదు కదా?"

"నీకేవన్నా పిచ్చా అక్కా! అంత కాయ నా సేతిలో పడితే ముక్కలు కోసి మిద్దెనిండా ఒడియాలు ఎట్టుకుంటాను గాని, దానికి టోపీ ఎట్టి షికారు తిప్పుతానా?"

రత్నమాణిక్యం నవ్వింది. గంగాభవాని నవ్వలేదు.

"నవ్వు నవ్వు. నిన్న ఇసక లారీ ఇంత దూరంలోంచి ఎల్లింది. ఆ గాలికి బుజ్జిదాని గౌను మొకానికొచ్చేసింది. నేను మురిక్కాలవలోకి దిగిపోబట్టి సరిపోయింది. ఆ సంగమోళ్ళు వచ్చి బాగుందని రాసిచ్చేత్తే ఇంక గోడ కట్టేత్తారంట కదా? అప్పుడు దీన్ని ఇంట్లోనే ఉంచేసుకుంటానక్కా. బడి వొద్దు, గుడ్డూ వొద్దు."

బుజ్జి అమ్మ భుజం మీంచి చెయ్యి చాపి రత్నమాణిక్యం విజిల్ పట్టుకు లాగింది. అంత చిన్న బొటనవేలు. శుభ్రంగా ఉంది; చేపల వాసన తప్ప సిరా లేదు.

రత్నమాణిక్యం ఆ వేలు చూసి స్టోరు వైపు నడిచింది.

స్టోరు అటెండరు పోలినాయుడు ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. మనిషి నిజాయితీపరుడు. అబద్ధం చెప్పాల్సి వస్తే చెవులు ఎర్రబడతాయి.

"నాయుడూ, సాయంత్రం హైమవతి గారు రాగానే దిష్టి తీసి కొట్టడానికి డీఈ గారు గుమ్మడికాయ తెప్పించారు కదా. ఏదీ?"

"లేదండి."

"ఏమైంది?"

"తనిఖీకి వెళ్ళిందండి."

"గుమ్మడికాయకి తనిఖీ ఏంటి?"

పోలినాయుడు చెవులు పండిన మిరపకాయలయ్యాయి. "నాకేం తెలుస్తాదండి. సరైన బరువుందో లేదో సూడాలి, తనిఖీ నిమిత్తం క్వార్టర్సుకి పంపమన్నారండి. పంపాను. తెల్లారి తిరిగొచ్చేసేదండి. మళ్ళీ సాయంత్రం పంపమనేవారండి. ఇయ్యాల్టితో పన్నెండు రోజులండి. ఇయ్యాలే తిరిగి రాలేదు."

"ఎవరి క్వార్టర్సుకి?"

"అది మాత్రం సెప్పనండి. ఆయన మంచోరండి," అన్నాడు పోలినాయుడు.

ఊళ్ళో మునిసిపల్ క్వార్టర్సు ఒక్కటే ఉంది, కమిషనర్ గారిది.

రత్నమాణిక్యం అరుగు మీద కూర్చుండిపోయింది. దొంగ దొరికాడు. ఇప్పుడేం చెయ్యాలి? నోరు మూసుకుంటే తనకి ఏ ఇబ్బందీ లేదు. తిరిగి కుళాయిల సెక్షను అడిగినా ఇస్తారు. గంగాభవాని మాత్రం గోడకి అవతల ఉండిపోతుంది, ఇంకా పదహారు మందితో. నోరు తెరిస్తే పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఎక్కడ తేలుతుందో తెలియదు. ఆమె పక్కన గుమ్మడికాయ టోపీ పెట్టుకుని చల్లగా కూర్చుంది.

* * *

నాలుగింటికి షామియానా కింద జనం కిక్కిరిశారు. డాక్టర్ హైమవతి గారు కాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చారు. పొట్టి మనిషి. కుర్చీ చూపిస్తే, "నడకబాట చూడ్డానికి వచ్చి కూర్చుంటామా?" అని నిలబడే ఉన్నారు.

సోమయాజులు గారు మైకందుకున్నారు. "మా బాటయందు నేటి వరకు మూడువేల చిల్లర శకటములు దొర్లినవి. చంకలు సున్నా. ఈ ఘనత మీకు ప్రత్యక్షముగా చూపుటకై ఆదర్శ శిశువును ఏర్పాటు చేసితిమి. స్వయానా మా కమిషనర్ గారి మనవరాలు, చిరంజీవి మోక్షిత, ఒక సంవత్సరం పది నెలలు!"

కమిషనర్ గారి భార్య పిల్లతో ముందుకొచ్చారు. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చిందనీ, పెద్దపిల్ల రెండు వారాలుగా తాతగారి దగ్గరే ఉంటోందనీ ఊరందరికీ తెలుసు. పిల్ల కొత్త గౌను వేసుకుని, నోట్లో కుడి బొటనవేలు పెట్టుకుని జనాన్ని చూస్తోంది.

"అంతకుముందు ఒక చిన్న కార్యక్రమం," అన్నారు సోమయాజులు గారు. "నిబంధనల అమలులో మేమెంత కఠినులమో కూడా అధ్యక్షురాలు చూడవలెను. ఈ ఉదయం గేటును మోసగించిన వ్యక్తిని గుర్తించితిమి. గంగాభవాని, రేవు పేట. ఆరు నెలల నిషేధం, శిశువు సహా. కమిషనర్ గారు మీ సమక్షంలో సంతకం చేసెదరు."

"నేను సెయ్యలేదయ్యా బాబూ!" అని జనంలోంచి గంగాభవాని అరిచింది. "నాకు బండి తొయ్యడమే రాదు, గుమ్మడికాయనేం తోత్తాను!"

కమిషనర్ గారు కలం తీశారు. మూత తీశారు. కాగితం మీద కలం ఆనించి, రాయకుండా అలాగే ఉండిపోయారు.

ఈలోగా ఇద్దరు సిబ్బంది మోక్షితని శకటంలో కూర్చోబెట్టబోయారు. పిల్ల కాళ్ళు బిగదీసింది. వీపు విల్లులా వంచింది. బాతులు కూడా తలెత్తి చూసేలా ఏడుపు లంకించుకుంది. ఒకాయన బిస్కెట్టు చూపించాడు, ఒకాయన తాళంచెవుల గుత్తి ఊపాడు. సోమయాజులు గారు మైకులోనే "శిశువు సహకరించవలెను!" అన్నారు.

"తాతా! ఎత్తుకో! గట్టూ!" అని అరిచింది పిల్ల, రెండు చేతులూ చాపి.

అప్పుడు రత్నమాణిక్యం అరుగు మీంచి గుమ్మడికాయ ఎత్తుకుని వచ్చింది. నేరుగా హైమవతి గారి ముందుకి వెళ్ళి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నేను ఈ గేటు సూపర్‌వైజర్ని. గంగాభవాని పేరు రాసే ముందు ఒక్క సాక్షిని విచారించాలి. మాటలు ఇంకా పూర్తిగా రాలేదు, అయినా చాలు." మోక్షిత దగ్గరికి వెళ్ళి, నోట్లోంచి తడి తడిగా బయటికొచ్చిన బొటనవేలిని మెల్లగా పట్టుకుంది. గోటి చుట్టూ ఊదా సిరా. వేలు తీసుకొచ్చి గుమ్మడికాయ నుదుటి పక్కన పెట్టింది.

హైమవతి గారు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశారు. వేలినీ చూశారు, చుక్కనీ చూశారు. తర్వాత కమిషనర్ గారి వైపు తిరిగారు.

"ఇది యాదృచ్ఛికము..." అని సోమయాజులు గారు మొదలెట్టారు.

"కాదండి," అన్నారు వైకుంఠరావు గారు.

కలం మూత పెట్టేశారు. వచ్చి, సిబ్బంది చేతుల్లోంచి మనవరాల్ని తీసుకున్నారు. పిల్ల అలవాటుగా కాళ్ళు ఆయన నడుముకి చుట్టేసి, తల భుజం మీద పెట్టి, ఠక్కున ఏడుపు ఆపేసింది. పదిహేడు మంది తల్లులు ఒకేసారి "అమ్మయ్య" అన్నారు. సోమయాజులు గారు మైకు కట్టేయడం మర్చిపోయారు. అందుకే కమిషనర్ గారి మాటలు కాలవ అవతల గట్టు దాకా వినపడ్డాయి.

"నేనేనండి. గుమ్మడికాయ పెట్టింది నేనే. టోపీ నాదే, తువ్వాలు నాదే. ఆ చుక్క మాత్రం దీని పనండి, నా బల్ల మీద స్టాంపు ప్యాడుతో ఆడుకుంటే ఊరుకున్నాను. ఏం చెయ్యమంటారండీ? వచ్చిన రోజే దీన్ని బండిలో కూర్చోబెట్టి గట్టుకి తీసుకొచ్చాను. ఉత్తర్వేసినోణ్ణి కదా, నేనే ముందు చెయ్యాలనుకున్నాను. గేటు దగ్గర మొదలెట్టి ఇంటి దాకా ఏడ్చిందండి. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎవరూ లేని వేళ చూసి ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే గేటు తెరుచుకోదు, డీఈ గారు నాకు కూడా మినహాయింపు పెట్టలేదు మరి. అందుకని గుమ్మడికాయ. ఒక చేత్తో దాన్ని తోసుకుంటూ, ఒక చంకలో దీన్నేసుకుని పన్నెండు పొద్దులు తిరిగానండి. నా పిల్లలు పెరిగేటప్పుడు ఏ ఊళ్ళో ఏ డ్యూటీలో ఉన్నానో, ఒక్కరోజు ఇలా తిరగలేదు. బండిలో ఉంటే దానికి నా బెల్టు తప్ప ఏం కనపడుద్దండీ? చంకలో ఉంటే బాతుని నాకంటే ముందు చూసి, నా చెవి పట్టుకుని అటు తిప్పుతుంది. ఇయ్యాల పొద్దున్న మాణిక్యం గారి సైకిలు బెల్లు వినపడి, సిగ్గేసి, తుప్పల్లోంచి పారిపోయాను. ఈ గంగాభవాని పిల్ల లారీల పక్కన వెళ్తుంటే, నా పిల్ల గట్టు మీద తిరిగింది. అంతకంటే దొంగతనం ఏం కావాలండీ? హైమవతి గారూ, మీరు ధ్రువపత్రం ఇవ్వకండి, మాకొద్దు. నాయుడూ, పార పట్టుకొచ్చి ఆ గేటు ఊడబీకు, ఇప్పుడే, అందరి ముందూ. సోమయాజులు గారూ, ఆ నోటీసులో గంగాభవాని పేరు కొట్టేసి నా పేరు రాయండి, సంతకం పెడతాను. నోటీసు ఇవ్వడానికి క్వార్టర్సుకి రానక్కర్లేదు. రేపు పొద్దున్న కూడా ఇద్దరం ఇక్కడే తిరుగుతుంటాం."